రియాద్‌లో ఫ్యూరీ, ఉసిక్: కొలతలు గెలుస్తాయా, అడుగులు గెలుస్తాయా?

ప్రశ్న (2024 మే 13)

ఈ శనివారం, అంటే మే 18న, రియాద్‌లోని కింగ్‌డమ్ అరీనాలో హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్లు టైసన్ ఫ్యూరీ, ఒలెక్సాండర్ ఉసిక్ ఎట్టకేలకు తలపడబోతున్నారు. ఫిబ్రవరి 17న జరగవలసిన ఈ పోరు, సాధనలో ఫ్యూరీ కుడి కంటి పైభాగం చిట్లడంతో మూడు నెలలు వాయిదా పడింది. బాక్సింగ్‌లో నాలుగు పెద్ద సంస్థలు విడివిడిగా చాంపియన్ బెల్టులు ఇస్తాయి. ఉసిక్ దగ్గర డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో బెల్టులు ఉన్నాయి. ఫ్యూరీ దగ్గర డబ్ల్యూబీసీ బెల్టు ఉంది. ఇద్దరిలో ఎవరూ ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఇంతవరకు ఓడిపోలేదు. ఉసిక్ ఆడిన 21 పోరాటాలూ గెలిచాడు. ఫ్యూరీ 35 ఆడి 34 గెలిచాడు, ఒకటి డ్రా అయింది.

ఈ పోరు గురించి వచ్చిన విశ్లేషణలు చాలానే చదివాను. దాదాపు అన్నీ ఒక కొలతల పట్టికతోనే మొదలవుతున్నాయి. ఫ్యూరీ ఎత్తు 206 సెంటీమీటర్లు, ఉసిక్ ఎత్తు 191. చేతుల చాపు ఫ్యూరీకి 216, ఉసిక్‌కు 198. బరువులో తేడా సుమారు పాతిక కిలోలు ఉండవచ్చు. ఈ అంకెలు చూపించి, నైపుణ్యం సమానమైనప్పుడు పెద్దవాడే గెలుస్తాడని కొందరు తేల్చేస్తున్నారు. మరికొందరు పోయిన అక్టోబరులో ఫ్రాన్సిస్ ఎంగాను చేతిలో ఫ్యూరీ కింద పడిన దృశ్యాన్ని చూపించి, అతని పని అయిపోయిందంటున్నారు. రెండు వాదనలూ నాకు తొందరపాటుగానే కనిపిస్తున్నాయి.

నేను చాలా ఏళ్లుగా బాక్సింగ్ చూస్తున్నాను, కానీ ఎక్కువగా నాకౌట్ల కోసం, ఫలితాల కోసం చూసినవాణ్ని. ఈసారి మాత్రం రౌండు రౌండుకూ ఏం జరుగుతోందో అర్థం చేసుకుంటూ చూడాలని ఉంది. ఈ ఇద్దరి మధ్య ఎత్తు, బరువుల తేడా నిజంగా ఎంత పనిచేస్తుంది? ఎంగాను పోరును ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలి? మొదటి మూడు నాలుగు రౌండ్లలో దేన్ని గమనిస్తే పోరు ఎటు మొగ్గుతోందో తెలుస్తుంది? తెలిసినవారు కొంచెం వివరంగా రాస్తే సంతోషిస్తాను.


జవాబు 1

మంచి ప్రశ్న వేశారు. కొలతల పట్టిక అబద్ధం చెప్పదు, కానీ ఇద్దరు బాక్సర్లు ఎదురెదురుగా నిటారుగా కదలకుండా నిలబడితేనే అది పూర్తి నిజం చెబుతుంది. చేతుల చాపులో 18 సెంటీమీటర్ల ఆధిక్యం ఉన్నవాడు ఆ దూరం చివర ప్రత్యర్థిని నిలిపి ఉంచగలిగితేనే అది ఆధిక్యం. ఎదుటివాడు ఆ దూరంలో ఒక్క క్షణం కూడా నిలవకపోతే, పొడవైన చేయి వెనక్కి రావడానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి అదే ఇబ్బందిగా మారవచ్చు. ఉసిక్ ఆట మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

2021 సెప్టెంబరు 25న లండన్‌లోని టాటెన్‌హామ్ హాట్‌స్పర్ స్టేడియంలో ఉసిక్‌కు, అప్పటి హెవీవెయిట్ చాంపియన్ ఆంథనీ జాషువాకు జరిగిన పోరును వీలైతే శనివారం లోపు మళ్లీ చూడండి. జాషువా ఎత్తు 198 సెంటీమీటర్లు, ఆ రోజు ఉసిక్ కంటే దాదాపు 9 కిలోలు ఎక్కువ బరువున్నాడు. అయినా 12 రౌండ్లలో తన కుడిచేతి దెబ్బకు కావలసిన దూరాన్ని అతను స్థిరంగా దొరకబుచ్చుకోలేకపోయాడు. ముగ్గురు జడ్జీలూ 117–112, 116–112, 115–113తో ఉసిక్‌కే ఇచ్చారు. పన్నెండో రౌండ్ చివరి క్షణాల్లో తాళ్ల దగ్గర దెబ్బలు తింటూ తూలిపోతున్నవాడు పెద్దవాడే అన్న సంగతి అంకెల కంటే ముఖ్యమని నా అభిప్రాయం.

ఇక అడుగుల సంగతి. ఉసిక్ ఎడమచేతి వాటం బాక్సర్, అంటే సౌత్‌పా. కుడి కాలు, కుడి చేయి ముందుంటాయి. ఫ్యూరీ సహజంగా కుడిచేతి వాటం కాబట్టి అతని ఎడమ కాలు ముందుంటుంది. ఇలా ఎదురెదురైనప్పుడు ఇద్దరి ముందు పాదాలు ఒకదానికొకటి అడ్డుపడతాయి. తన పాదాన్ని ఎదుటివాడి పాదానికి బయటి పక్కన పెట్టగలిగినవాడికి వెనక చేతి నేరు దెబ్బకు దారి తెరుచుకుంటుంది, ఎదుటివాడి వెనక చేయి మాత్రం గురి తప్పుతుంది. ఉసిక్ ఆ చోటు కోసం ఒక్క పెద్ద అడుగు వేయడు. చిన్న చిన్న అడుగులతో లోపలికీ బయటికీ జరుగుతూ, ముందున్న కుడి చేతితో ఎదుటివాడి ఎడమ గ్లవ్‌ను తడుముతూ, అవసరమైతే కిందికి నొక్కుతూ, అతని చూపునూ జాబ్‌నూ (ముందు చేత్తో వేగంగా వేసే నేరు దెబ్బనూ) ఒకేసారి చెదరగొడతాడు. టీవీలో ఇదంతా ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. కానీ రెండో రౌండుకే ప్రత్యర్థి తన జాబ్ వేయడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవడం మొదలుపెడతాడు, ఆ ఆలోచనే ఆరో రౌండుకు అలసటగా మారుతుంది.

ఉసిక్ క్రూజర్‌వెయిట్‌లో, అంటే హెవీవెయిట్ కంటే ఒక మెట్టు కింది బరువు విభాగంలో, ఉన్నప్పటి నుంచీ పద్ధతి ఇదే. 2018 జులైలో మాస్కోలో మురాత్ గాసియెవ్‌ను ఓడించి నాలుగు బెల్టులూ ఒక్కచోటికి తెచ్చిన రాత్రి, అంతటి బలమైన పంచ్ ఉన్నవాడు చివరి రౌండ్లలో చేతులు ఎత్తడానికే కష్టపడ్డాడు. అదే ఏడాది నవంబరులో మాంచెస్టర్‌లో టోనీ బెల్యూ మొదటి రౌండ్లలో తెలివిగా ఆడి ఉసిక్‌ను ఇబ్బంది పెట్టాడు, కానీ ఎనిమిదో రౌండులో ఎడమచేతి దెబ్బకు పడిపోయాడు. ఉసిక్ పోరాటాల్లో మొదటి నాలుగు రౌండ్లు చూసి తీర్పు చెప్పినవారు చాలాసార్లు పొరబడ్డారు.

ఎంగాను విషయం. ఎంగాను మిశ్రమ యుద్ధకళల్లో మాజీ చాంపియన్, బాక్సింగ్ రింగ్‌లో అతనికి అదే మొదటి పోరు. అలాంటివాడు మూడో రౌండులో ఎడమ హుక్‌తో, అంటే పక్క నుంచి వంపుగా వేసే దెబ్బతో, ఫ్యూరీని పడగొట్టడమే కాదు, ఒక జడ్జి దృష్టిలో గెలిచాడు కూడా. మిగతా ఇద్దరూ ఫ్యూరీకి ఇవ్వడంతో అతను గట్టెక్కాడు. మార్చిలో అదే ఎంగానును జాషువా రెండో రౌండులోనే పడగొట్టాడు. దీన్నిబట్టి ఫ్యూరీ అయిపోయాడని నేను అనను. కానీ ఆ రాత్రి నన్ను కలవరపెట్టింది అతను పడిపోవడం కాదు, పడిన తర్వాతి రౌండ్లు. దూరం అతని అదుపులో లేదు. జాబ్ ఆలస్యంగా వెళ్లింది, కాళ్లు దానికంటే ఆలస్యంగా కదిలాయి. అనుభవం లేనివాడు కాబట్టి ఎంగాను ఆ ఖాళీలను పూర్తిగా వాడుకోలేకపోయాడు. ఉసిక్ వాడుకోకుండా వదలడు.

ఇంకొకటి, ఎడమచేతి వాటం వాళ్ల ముందు ఫ్యూరీ ఎప్పుడూ సుఖంగా ఆడినట్టు కనిపించలేదు. 2019 సెప్టెంబరులో లాస్ వెగాస్‌లో సౌత్‌పా అయిన ఒట్టో వాలిన్ అతని కుడి కంటి పైన లోతైన గాయం చేశాడు. పోరు తర్వాత 47 కుట్లు పడ్డాయి. ఫ్యూరీ పాయింట్ల మీద గెలిచాడు, నిజమే. కానీ సౌత్‌పా ఎడమచేతి నేరు దెబ్బ వచ్చి తగిలేది సరిగ్గా ఎదుటివాడి ముఖానికి కుడివైపునే, ఫిబ్రవరిలో చిట్లినదీ ఆ వైపే. మూడు నెలల్లో మానిన చర్మం ఉసిక్ ఎడమచేతిని పన్నెండు రౌండ్లు తట్టుకోవాలి.

నా అంచనా ఉసిక్ పాయింట్ల మీద గెలుస్తాడని. మొదటి సగం ఫ్యూరీది కావచ్చు, ఎనిమిదో రౌండ్ నుంచి పోరు ఉసిక్ చేతిలోకి వస్తుంది.


జవాబు 2

పై జవాబులో అడుగుల గురించి రాసినదంతా ఒప్పుకుంటాను. కానీ జాషువా మీద పనిచేసిన పద్ధతి ఫ్యూరీ మీద కూడా పనిచేస్తుందని అనుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం ఉంది.

జాషువా చట్రంలో బిగించినట్టు ఆడే బాక్సర్. అతని దూరం ఎంతో, దెబ్బ ఎప్పుడు వస్తుందో రెండు రౌండ్లలో లెక్కగట్టవచ్చు. ఫ్యూరీకి అలాంటి స్థిరమైన లయ లేదు. నడుము పైభాగాన్ని వెనక్కి వాల్చి ముఖాన్ని అందకుండా చేయడం, భుజంతోనూ కళ్లతోనూ లేని దెబ్బను ఉన్నట్టు చూపడం, మధ్యలో హఠాత్తుగా ఎడమచేతి వాటానికి మారిపోవడం, ఇవన్నీ 206 సెంటీమీటర్ల మనిషి చేస్తుంటే ఎదుటివాడి లెక్కలు తప్పుతాయి. 2015 నవంబరు 28న డ్యూసెల్‌డార్ఫ్‌లో వ్లాదిమిర్ క్లిచ్కోకు జరిగింది అదే. తొమ్మిదేళ్లకు పైగా చాంపియన్‌గా ఉన్న క్లిచ్కో ఆ రాత్రి దెబ్బ వేయడానికే సందేహించాడు. ఫ్యూరీ అతన్ని పడగొట్టలేదు, ఆటే ఆడనివ్వలేదు. ఎదుటివాణ్ని ఆలోచనలో పడేసి అలసిపోయేలా చేసే విద్య ఉసిక్ ఒక్కడి సొత్తు కాదు.

ఇక బరువు. బరువు అంటే దెబ్బలో బలం అని మాత్రమే అనుకుంటున్నాం. అసలు తేడా క్లించ్‌లో, అంటే ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని పెనుగులాడేటప్పుడు, తెలుస్తుంది. 2013 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో ఫ్యూరీ, స్టీవ్ కన్నింగ్‌హామ్‌ల పోరు ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు, నా దృష్టిలో శనివారానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఉదాహరణ అదే. కన్నింగ్‌హామ్ క్రూజర్‌వెయిట్‌లో రెండుసార్లు ప్రపంచ చాంపియన్, ఫ్యూరీ కంటే సుమారు 20 కిలోలు తక్కువ, చురుకైన కాళ్లు ఉన్నవాడు. రెండో రౌండులో పైనుంచి వేసిన కుడిచేతి దెబ్బతో ఫ్యూరీని కింద పడగొట్టాడు. ఆ తర్వాత ఫ్యూరీ దూరం ఆట వదిలేశాడు. దగ్గరికి వెళ్లి, మీద వాలి, మెడ మీద బరువు మోపి, ప్రతి రౌండులోనూ కన్నింగ్‌హామ్ కాళ్లలోని శక్తిని పీల్చేశాడు. ఏడో రౌండులో కన్నింగ్‌హామ్ లేవలేకపోయాడు. 2020 ఫిబ్రవరిలో డియాంటే వైల్డర్‌ను ఏడు రౌండ్లలో ముగించినప్పుడు కూడా ఇదే పద్ధతిని మరింత పదునుగా చూశాం. అప్పటికి దూకుడు ఆటకు పేరున్న డెట్రాయిట్ క్రాంక్ జిమ్ సంప్రదాయం నుంచి వచ్చిన షుగర్‌హిల్ స్టివార్డ్ అతని కోచ్‌గా చేరాడు. వంద కిలోల మనిషి మీద నూట ఇరవై కిలోల మనిషి నిమిషానికి రెండుసార్లు వాలితే, ఎనిమిదో రౌండుకు ఆ చిన్న చిన్న అడుగులు ఎంత చిన్నగా మిగులుతాయో ఆలోచించండి.

ఉసిక్ హెవీవెయిట్‌లో నిజంగా ఇబ్బంది పడిన సందర్భాలు కూడా ఈ వైపే చూపిస్తున్నాయి. 2020లో డెరెక్ చిసోరా మొదటి రౌండ్లలో దూసుకువచ్చి తోసేస్తుంటే ఉసిక్ వెనక్కి వెళ్లడం తప్ప పెద్దగా ఏమీ చేయలేకపోయాడు. గెలిచాడు కానీ ఇద్దరు జడ్జీలు 115–113 మాత్రమే ఇచ్చారు. పోయిన ఆగస్టులో పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్‌లో డేనియల్ డుబోయ్ ఐదో రౌండులో నడుము దగ్గర వేసిన దెబ్బకు ఉసిక్ కుప్పకూలాడు. రిఫరీ అది నడుము కింద తగిలిన నిషిద్ధ దెబ్బ అని తేల్చి కోలుకోవడానికి సమయం ఇచ్చాడు, తొమ్మిదో రౌండులో ఉసిక్ నాకౌట్‌తో గెలిచాడు. ఆ తీర్పు మీద వాదన నాకు అనవసరం. కానీ ఫ్యూరీ శిబిరం ఆ దృశ్యాన్ని పదే పదే చూసే ఉంటుంది. పైగా ఉసిక్ తల వంచి లోపలికి వస్తాడు. 2022 ఏప్రిల్‌లో వెంబ్లీలో డిలియన్ వైట్ అలా వచ్చినప్పుడు ఫ్యూరీ కుడిచేతి అప్పర్‌కట్ (కింది నుంచి పైకి వేసే దెబ్బ) ఆరో రౌండులో పోరును ముగించింది.

ఎంగాను పోరులో ఫ్యూరీ దాదాపు 126 కిలోలతో వచ్చాడు, ఎదుటివాణ్ని పట్టించుకోకుండా వచ్చాడు. తనకు సరితూగేవాడు ఎదురైన ప్రతిసారీ అతను వేరే మనిషిగా వచ్చాడని అతని చరిత్ర చెబుతోంది. క్లిచ్కో మీద గెలిచాక మానసిక కుంగుబాటుతో రెండున్నరేళ్లు రింగ్‌కు దూరమై, విపరీతంగా లావెక్కి, మళ్లీ వచ్చి 2018 డిసెంబరులో వైల్డర్ ముందు పన్నెండో రౌండులో పడి లేచి నిలబడినవాడు అతను. ఆ లేవడం చూసినవాణ్ని కాబట్టి, ఒక్క చెడ్డ రాత్రి చూసి అతన్ని కొట్టిపారేయలేను.

నా అంచనా ఫ్యూరీ, స్వల్ప తేడాతో పాయింట్ల మీద.


ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కన్నింగ్‌హామ్ పోరు నాకు తెలియదు, ఈ రాత్రే చూస్తాను. మీ ఇద్దరి మాటలనుబట్టి పోరు జడ్జీల దాకా వెళ్లే అవకాశమే ఎక్కువగా కనిపిస్తోంది. ఒకడు వెనక్కి వాలుతూ, ఇంకొకడు చిన్న దెబ్బలు వేస్తూ ఉంటే రౌండ్ ఎవరిదని జడ్జీలు ఎలా తేలుస్తారు? డ్రా అయితే బెల్టులు ఏమవుతాయి? ఇంకో మాట: క్రూజర్‌వెయిట్ నుంచి పైకి వచ్చి, తనకంటే ఎంతో పెద్దవాణ్ని ఓడించి హెవీవెయిట్ శిఖరానికి చేరినవారు ఇంతకుముందు ఉన్నారా?


జవాబు 3

స్కోరింగ్ గురించి నేను చెబుతాను, చరిత్ర మిగతావారికి వదిలేస్తాను.

పోరు 12 రౌండ్లు, రౌండుకు మూడు నిమిషాలు. రింగ్ పక్కన వేర్వేరు వైపుల కూర్చున్న ముగ్గురు జడ్జీలు ఒకరితో ఒకరు సంప్రదించకుండా ప్రతి రౌండుకూ విడిగా మార్కులు వేస్తారు. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి సాధారణంగా 9. ఒకసారి కింద పడితే మామూలుగా 10–8. అంటే దాదాపు సమానంగా సాగిన రౌండు కూడా, ఏకపక్షంగా సాగిన రౌండు కూడా చాలాసార్లు ఒకే 10–9గా నమోదవుతాయి. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే సగం వివాదాలు అర్థమవుతాయి. ఒక బాక్సర్ నాలుగు రౌండ్లు పూర్తిగా ఆధిపత్యం చూపి, మిగతా ఎనిమిదిలో వెంట్రుకవాసి తేడాతో వెనకబడినా 8–4తో ఓడిపోతాడు.

రౌండ్ ఎవరిదన్నది తేల్చడానికి చూసేవి నాలుగు: శుభ్రంగా తగిలిన దెబ్బలు, ఫలితమిచ్చే దూకుడు, రింగ్ మీద పట్టు, రక్షణ. వీటిలో మొదటిదానికే పెద్దపీట. కేవలం ముందుకు నడుస్తూ ఉండటం దూకుడు కాదు, దెబ్బ తగలాలి. కానీ ఒక జడ్జి కంటికి ఉసిక్ వేసే తేలికపాటి దెబ్బలు శుభ్రమైన దెబ్బలుగా కనిపించవచ్చు, ఇంకొకరికి ఫ్యూరీ వేసే తక్కువ, బరువైన దెబ్బలే విలువైనవిగా తోచవచ్చు. ఈ ఇద్దరి గత చరిత్రే దీనికి సాక్ష్యం. 2018లో ఫ్యూరీ, వైల్డర్ మొదటి పోరులో ఒక జడ్జి 115–111తో వైల్డర్‌కు, ఒకరు 114–112తో ఫ్యూరీకి ఇచ్చారు, మూడో జడ్జి 113–113 అన్నారు. ముగ్గురూ చూసింది ఒకే పోరు. 2022 ఆగస్టులో జెద్దాలో ఉసిక్, జాషువాల రెండో పోరులో కూడా ఒక జడ్జి 115–113తో జాషువాకు ఇచ్చారు. నా లెక్కలో ఆ పోరు ఉసిక్‌దే, అంత దగ్గరగా కూడా లేదు.

అందుకే నాదొక విన్నపం. శనివారం కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని, వ్యాఖ్యానం శబ్దం తగ్గించి, ప్రతి రౌండ్ గంట మోగగానే మీ అంకె రాసేయండి. తర్వాత దిద్దకండి. వ్యాఖ్యాతలు ఒక బాక్సర్‌కు అలవాటుపడితే అతని దెబ్బలే మనకు వినిపిస్తాయి.

డ్రా అయితే ఎవరి బెల్టులు వారి దగ్గరే ఉంటాయి, తిరుగులేని చాంపియన్ పదవి, అంటే పెద్ద బెల్టులన్నీ ఒక్కడి దగ్గరే ఉండే స్థానం, మళ్లీ ఖాళీగానే మిగులుతుంది. ఆ పదవి ఇంతకాలం ఎందుకు ఖాళీగా ఉందో కూడా రెండు మాటలు. 1999 నవంబరులో లాస్ వెగాస్‌లో ఎవాండర్ హోలీఫీల్డ్‌ను ఓడించి లెనాక్స్ లూయిస్ ఆ స్థానంలో నిలిచాడు. అప్పటికి లెక్కలోకి వచ్చిన పెద్ద బెల్టులు మూడే. మరుసటి ఏడాదే అతని దగ్గర నుంచి ఒక బెల్టు పోయింది. తర్వాత 2011 నుంచి రెండేళ్లకు పైగా నాలుగు బెల్టులూ ఒకే ఇంట్లో ఉన్నాయి: విటాలీ క్లిచ్కో దగ్గర డబ్ల్యూబీసీ, తమ్ముడు వ్లాదిమిర్ దగ్గర మిగతా మూడు. అన్నదమ్ములం కొట్టుకోబోమని తల్లికి మాట ఇచ్చారు కాబట్టి ఆ పోరు జరగలేదు, జరగకపోవడమే బాగుంది. ఆ తర్వాత సంస్థల మధ్య, ప్రమోటర్ల మధ్య, టీవీ హక్కుల మధ్య ఏళ్లకు ఏళ్లు గడిచిపోయాయి. హెవీవెయిట్‌లో నాలుగు బెల్టులూ ఒకే రాత్రి పందెంలో ఉండటం ఇదే మొదటిసారి. నాకు ఎవరు గెలిచినా సంతోషమే, కానీ డ్రా మాత్రం వద్దు.


జవాబు 1 రాసినవారు

కన్నింగ్‌హామ్ పోరును గుర్తుచేసినందుకు కృతజ్ఞతలు. నేను దాన్ని వదిలేయకుండా ఉండవలసింది. అయితే అందులో ఒక తేడా ఉంది. కన్నింగ్‌హామ్ ఫ్యూరీని పడగొట్టాక మరింత పెద్ద దెబ్బ కోసం ముందుకు వచ్చాడు, ఫ్యూరీ చేతుల మధ్యకు తనే నడిచి వచ్చాడు. ఉసిక్ దెబ్బ వేశాక అదే చోట నిలబడడు, పక్కకు తిరుగుతాడు. క్లించ్ పట్టుకోవాలంటే ముందు మనిషి దొరకాలి. దొరికినప్పుడు రిఫరీ ఎంతసేపు వాలనిస్తాడన్నది కూడా ఉంటుంది, ఆ విషయంలో మీ భయం సరైనదే.

క్రూజర్‌వెయిట్ నుంచి వచ్చినవారి చరిత్ర అడిగారు. మొదట చెప్పవలసిన పేరు హోలీఫీల్డ్. 1988లో క్రూజర్‌వెయిట్‌లో తిరుగులేని చాంపియన్ అయ్యాడు, 1990 అక్టోబరులో తనకంటే 17 కిలోలకు పైగా బరువున్న బస్టర్ డగ్లస్‌ను మూడో రౌండులో పడగొట్టి హెవీవెయిట్‌లోనూ అదే స్థానానికి చేరాడు. రెండు విభాగాల్లోనూ ఆ ఘనత సాధించినవాడు ఇంతవరకు అతనొక్కడే. శనివారం ఉసిక్ గెలిస్తే రెండోవాడవుతాడు. అయితే డగ్లస్ ఆ రోజు సన్నద్ధత లేకుండా వచ్చాడన్నది కూడా నిజం.

డేవిడ్ హే ఉదాహరణ ఇంకా పనికొస్తుంది, ఎందుకంటే అది రెండు వైపులా కోస్తుంది. 2009 నవంబరులో నురెంబర్గ్‌లో హే ఏడడుగుల ఎత్తు, 143 కిలోల బరువున్న నికొలాయ్ వాల్యుయెవ్‌ను కాళ్లతోనే ఓడించాడు. దాన్ని చూసి కొలతలు పనికిరావని అందరూ అనుకున్నారు. 2011 జులైలో హాంబర్గ్‌లో అదే హే వ్లాదిమిర్ క్లిచ్కో ముందు నిలిస్తే, ఆ జాబ్ దాటి లోపలికి వెళ్లలేక పన్నెండు రౌండ్ల తర్వాత పాయింట్ల మీద స్పష్టంగా ఓడిపోయాడు. వాల్యుయెవ్ పెద్దవాడు మాత్రమే. క్లిచ్కో పెద్దవాడు, పైగా దూరం తెలిసినవాడు. కాబట్టి ఎదుటివాడు ఎంత పెద్ద అన్నదాని కంటే, తన పెద్దతనాన్ని ఏ దూరంలో నిలబెట్టి వాడుకోగలడన్నదే అసలు ప్రశ్న. క్లిచ్కోతో ఆడినప్పటి ఫ్యూరీ వస్తే జవాబు ఒకటి, ఎంగానుతో ఆడిన ఫ్యూరీ వస్తే జవాబు ఇంకొకటి. హేకు, ఉసిక్‌కు ఉన్న తేడా కూడా మరవకూడదు: హే ఒక్క పెద్ద దెబ్బ కోసం దూరం నుంచి దూకేవాడు, ఉసిక్ వంద చిన్న దెబ్బలతో దారి వేసుకుంటూ వస్తాడు.

మొదటి రౌండ్లలో ఏం చూడాలని అడిగారు కదా. దెబ్బల్ని కాదు, ఉసిక్ కుడి పాదాన్ని, ఫ్యూరీ ఎడమ పాదాన్ని చూడండి. ఉసిక్ పాదం తరచుగా బయటి పక్క పడుతూ, ఫ్యూరీ తిరగడానికి ప్రతిసారీ రెండు అడుగులు వేయవలసి వస్తుంటే, స్కోరు ఎలా ఉన్నా పోరు ఉసిక్ వైపు జరుగుతున్నట్టే. ఫ్యూరీ జాబ్ తర్వాత ఉసిక్ నేరుగా వెనక్కి వెళ్తుంటే, పక్కకు కాకుండా తాళ్ల వైపు వెళ్తుంటే, నా అంచనా తప్పబోతోందని అర్థం.


జవాబు 2 రాసినవారు

పాదాల మాట ఒప్పుకుంటున్నాను. దానికి ఇంకొకటి కలుపుతాను: మూడో రౌండ్ నుంచి ఫ్యూరీ ఉసిక్ పొట్ట మీద ఎన్ని దెబ్బలు వేస్తున్నాడో లెక్కపెట్టండి. తల కోసం వెతికితే ఉసిక్ దొరకడు. పొట్ట అంత వేగంగా తప్పుకోలేదు.

హే పోలిక నన్ను కొంచెం ఆలోచింపజేసింది. నేను ఫ్యూరీని ఎంచుకున్నది అతను క్లిచ్కోతో ఆడినప్పటి కాళ్లతో వస్తాడన్న నమ్మకంతోనే. ఆ రోజు అతని బరువు 112 కిలోలు. 35 ఏళ్ల వయసులో అంత దిగుతాడని ఆశించడం లేదు కానీ, శుక్రవారం బరువు చూసే కార్యక్రమంలో 120 కిలోల లోపు కనిపిస్తే అతను ఈ పోరును కాళ్లతో గెలవాలని వచ్చాడని అర్థం, నా అంచనా మార్చుకోను. పోయినసారిలా 126 దగ్గర కనిపిస్తే, శుక్రవారం రాత్రే ఇక్కడికి వచ్చి ఉసిక్ పేరు రాస్తాను.